బరువు తగ్గడం ఒక ఎత్తు, తగ్గిన బరువు నిలవడం మరో ఎత్తు

పాఠకుల ప్రశ్నలు – వైద్యుని జవాబులు

ఊబకాయానికి కఠినమైన పథ్యం మేలా, ఆపరేషన్ మేలా అని అడుగుతూ హైదరాబాద్ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లను వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 101 కిలోలు. నాలుగేళ్లుగా షుగరు ఉంది. రెండు రకాల మాత్రలు వాడుతున్నా ఈ మధ్య చేయించిన, మూడు నెలల సగటు షుగరును చూపే పరీక్షలో హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. రాత్రి గురక పెడుతూ ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నాను. భోజనం తరువాత గుండెల్లో మంట, పులితేన్పులు కూడా ఉంటాయి. ఇప్పటికి మూడుసార్లు గట్టిగా డైటింగ్ చేశాను. ఒకసారి అన్నం పూర్తిగా మానేసి సూపులు, కొబ్బరినూనె, నిమ్మరసంతో నెట్టుకొచ్చి 14 కిలోలు తగ్గాను; ఏడాది తిరిగేసరికి 17 కిలోలు పెరిగాను. సర్జన్ గారు జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. మా అత్తయ్య గారు మాత్రం ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా?’ అంటున్నారు. నిజంగా నోరు కట్టుకుంటే ఆపరేషన్‌తో వచ్చే ఫలితమే వస్తుందా?
— ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: మీ అత్తయ్య గారి మాటలో సగం నిజం ఉంది. ముందు ఆ సగం గురించి చెబుతాను.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఊబకాయంతో పాటు టైప్ 2 మధుమేహం ఉన్న 22 మందిని పరిశీలించి, 2020లో ఫలితాలను ప్రచురించారు. వారిలో సగం మంది కేవలం పథ్యంతోనూ, మిగిలిన సగం మంది గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్‌తోనూ తమ బరువులో ఇంచుమించు 18 శాతం తగ్గేలా చూశారు. ఆ తరువాత ఇన్సులిన్ ఒంట్లో ఎలా పనిచేస్తోంది, క్లోమం ఎలా స్పందిస్తోంది, రోజంతా షుగరు ఎలా ఉంటోంది అని కొలిచి చూస్తే రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అంటే మేలు చేసింది తగ్గిన బరువే. అదే బరువును మీరు పథ్యంతో తగ్గించుకోగలిగితే, తగ్గినంత కాలం మీ షుగరుకూ అదే మేలు జరుగుతుంది. ఇంతవరకు మీ అత్తయ్య గారితో నాకు పేచీ లేదు.

ఆ ‘తగ్గినంత కాలం’ దగ్గరే చిక్కు ఉంది. బరువు వేగంగా తగ్గినప్పుడు శరీరం దానిని కరువుగానే భావించి ఎదురుతిరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలల పాటు సగం కడుపుతో గడిపారు. వారికి తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. మళ్లీ అన్నం పెట్టడం మొదలుపెట్టాక ఎంత తిన్నా తృప్తి కలగని స్థితి చాలాకాలం వెంటాడింది. వారెవరికీ ఊబకాయం లేదు, మనోబలానికీ కొదవ లేదు. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు అధిక బరువున్న 50 మందికి 10 వారాల పాటు అతి తక్కువ క్యాలరీల ఆహారం ఇచ్చి, ఏడాది తరువాత వారి రక్తాన్ని పరీక్షించారు. ఆకలిని పెంచే హార్మోన్లు అప్పటికీ పెరిగే ఉన్నాయి, కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్లు తగ్గే ఉన్నాయి. బరువు తగ్గించే ఒక టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షిస్తే, విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరం, అంత బరువున్న మనిషికి ఖర్చు కావలసిన దానికంటే రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తోందని తేలింది.

మీరు 14 కిలోలు తగ్గి 17 కిలోలు పెరగడం వెనక ఉన్నది ఇదే. దానిని జిహ్వ చాపల్యంగానో, చేతగానితనంగానో చూడడం అన్యాయం. ఇంట్లో నలుగురికీ వేడివేడిగా వడ్డించి, తాను మాత్రం గిన్నెడు సూపు తాగి లేచిన మనిషిని పట్టుకుని నోరు కట్టుకోలేదని అనడం సరికాదు.

అయినా పథ్యాన్ని తక్కువ చేసి చెప్పలేను. బ్రిటన్‌లో స్కాట్లాండ్, టైన్‌సైడ్ ప్రాంతాల్లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, షుగరు వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వారికి మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు 825 నుంచి 853 క్యాలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగరు మధుమేహ స్థాయి కంటే దిగువకు వచ్చింది; 15 కిలోలు, అంతకుమించి తగ్గిన వారిలోనైతే 86 శాతం మందికి వచ్చింది. ఏ మందుల కంపెనీ అయినా గర్వంగా చెప్పుకునే ఫలితం అది. అయితే రెండో ఏటికి ఆ 46 శాతం 36కు తగ్గింది; ఐదేళ్ల వరకు సలహా సాయం అందుకుంటూ వచ్చిన వారిలో చివరికి షుగరు అదుపులో మిగిలినది దాదాపు 13 శాతం మందికే. క్రమశిక్షణ గల దేశంలో, నర్సులూ డైటీషియన్లూ వెన్నంటి ఉండగా వచ్చిన లెక్క ఇది.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న దాదాపు రెండు వేల మందిని, మామూలు వైద్యం తీసుకున్న మరో రెండు వేల మందిని దశాబ్దాల తరబడి గమనించారు. 20 ఏళ్ల తరువాత మొదటి జట్టు బరువు తొలినాటి కంటే 18 శాతం తక్కువగా ఉంది. రెండో జట్టులో తగ్గింది ఒక్క శాతమే. ఆపరేషన్ చేయించుకున్నవారు సుమారు మూడేళ్లు ఎక్కువ కాలం జీవించారు. ఆ అధ్యయనంలో ఎవరికి ఏ వైద్యమో లాటరీ పద్ధతిలో నిర్ణయించలేదు, ఆనాటి ఆపరేషన్లలో చాలావాటిని ఇప్పుడు చేయడం లేదు. కనుక ఆ అంకెలను అక్షరాలా మీకు అన్వయించను. కానీ తగ్గిన బరువు రెండు దశాబ్దాలు నిలిచిందన్న సంగతి మాత్రం కాదనలేనిది.

ఎందుకు నిలుస్తుందంటే, స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. బైపాస్‌లో పైన చిన్న సంచి మాత్రం ఉంచి దానిని నేరుగా పేగుకు కలుపుతారు. అప్పుడు ఆహారం పేగులోకి త్వరగా చేరి, తృప్తినిచ్చే హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. చాలామంది అనుకున్నట్టు ఇది కేవలం కడుపును చిన్నది చేసే పని కాదు. పథ్యం చేస్తున్నప్పుడు పెరిగే ఆకలి, ఆపరేషన్ తరువాత తగ్గుతుంది. రెండింటి మధ్య అసలు తేడా అదే.

ఆపరేషన్‌తో షుగరు అందరికీ మాయమవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ అధ్యయనంలో ఐదేళ్ల తరువాత హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకు దిగువకు వచ్చినవారు మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం, స్లీవ్ చేయించుకున్నవారిలో 23 శాతం, బైపాస్ చేయించుకున్నవారిలో 29 శాతం. ఆపరేషన్ చేయించుకున్న మిగిలినవారిలో ఎక్కువమందికి మందులు తగ్గాయి, అంతేగానీ పూర్తిగా మానేయగలిగారని కాదు. షుగరు వచ్చి ఎక్కువ కాలం కాకుండా, ఇన్సులిన్ దాకా వెళ్లకుండా ఉన్నవారికే మంచి ఫలితం వచ్చే అవకాశం ఎక్కువ. మీరు ఇంకా ఆ దశలోనే ఉన్నారు. ఇలా వాయిదా వేసుకుంటూ పోతే ఆ అవకాశం తగ్గుతూ వస్తుంది.

మీ గుండె మంట గురించి సర్జన్ గారితో విడిగా మాట్లాడండి. ఫిన్లాండ్‌లో రెండు రకాల ఆపరేషన్లనూ పోల్చి పదేళ్లు గమనించిన అధ్యయనంలో, అన్నవాహికలో పుండ్లు స్లీవ్ జట్టులో 31 శాతం మందికి, బైపాస్ జట్టులో 7 శాతం మందికి కనిపించాయి. ముందుగా ఎండోస్కోపీ చేయించి, పులితేన్పులు బలంగా ఉన్నాయని తేలితే మీకు స్లీవ్ కంటే బైపాస్ నప్పుతుందేమో అడగండి. స్లీవ్ చేయించుకున్నాక తీసేసిన భాగాన్ని తిరిగి పెట్టడం కుదరదు కాబట్టి ఈ ప్రశ్న ఆపరేషన్‌కు ముందే తేలాలి.

ప్రమాదం లేదని చెప్పను. అనుభవం ఉన్న బృందం చేస్తే ప్రాణాపాయం వెయ్యిమందిలో ఇంచుమించు ఒకరికి, అంటే పిత్తాశయం తీసే ఆపరేషన్‌లో ఉన్నంత. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం అనేవి ముఖ్యమైన ముప్పులు. మీ గురకకు ముందుగా నిద్ర పరీక్ష చేయించి, అవసరమైతే ఆపరేషన్‌కు ముందే నిద్రలో గాలిని నెట్టి ఊపిరి ఆగకుండా చూసే సీప్యాప్ యంత్రం వాడడం మొదలుపెట్టాలి.

తరువాతి రోజులు ఎలా ఉంటాయో ముందే తెలుసుకోండి. మొదటి రోజుల్లో దగ్గు మందు కొలిచే చిన్న గిన్నెతో నీళ్లను గుక్కగుక్కగా తాగాల్సి ఉంటుంది; గ్లాసు ఎత్తి గటగటా తాగే అలవాటును కడుపు ఒప్పుకోదు. దాదాపు రెండు వారాలు పల్చని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, ప్రోటీన్ పొడి కలిపిన పాలు. తరువాత మెత్తగా మెదిపిన ఇడ్లీ, పెరుగు, గుడ్డు తెల్లసొన, మెత్తగా ఉడికించిన పెసరపప్పు. ఒక్క ఇడ్లీ తినడానికి ఇరవై నిమిషాలు పట్టడం మామూలే. తింటున్నప్పుడు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి, విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. కనుక ఆపరేషన్ చేయించుకున్నవారు పథ్యాన్ని తప్పించుకున్నట్టు కాదు. ఆకలి వెంటపడని పథ్యం వారిది.

ఇక నా అభిప్రాయం. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె, 40.5. అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే ఇతర జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు. మన ఆసియా వాసులకు ఆ గీత ఇంకా కిందనే ఉంది. మీకు షుగరు, నిద్రలో ఊపిరి ఆగడం రెండూ ఉన్నాయి. మూడుసార్లు నిజాయితీగా ప్రయత్నించారు. మీ విషయంలో నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను. తరువాతి సంప్రదింపులకు మీ అత్తయ్య గారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆవిడ సందేహాలను సర్జన్ గారినే నేరుగా అడగనివ్వండి. ఆపరేషన్ తరువాత వంటింట్లో మీకు తోడుగా నిలవాల్సింది ఆవిడే కదా.

ప్రశ్న: వయసు 27, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఎక్కువగా రాత్రి షిఫ్టులు. ఇతర జబ్బులేమీ లేవు. మూడు నెలల్లో పెళ్లి. డైటింగ్ చేసేంత ఓపిక లేదు, ఆపరేషన్ చేయించుకుంటే త్వరగా సన్నబడతానా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: వద్దు. మీ బీఎంఐ 27. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్కిస్తారు కాబట్టి మీరు పట్టించుకోవాల్సిన మాట నిజమే కానీ, జబ్బులేమీ లేని ఈ బరువుకు కడుపు కోయడం సమర్థనీయం కాదు. అందంగా కనబడడానికి చేసే ఆపరేషన్ కాదిది.

మూడు నెలల్లో ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గడం మీకు సాధ్యమే. అంతకంటే వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, ముఖం పీక్కుపోతుంది. రాత్రి షిఫ్టుల్లో చాలామంది తిండి ఇలా ఉంటుంది: ఒంటిగంటకు క్యాంటీన్‌లో బిర్యానీ, దాని వెనుక రెండు మూడుసార్లు చక్కెర వేసిన చాయ్, తెల్లవారి ఇంటికొచ్చి మళ్లీ టిఫిన్. ఈ వరుసలో ఆకలి కోసం తిన్నది ఒకటి, నిద్ర ఆపుకోవడానికి తిన్నవి మిగతావి. షిఫ్టుకు ముందే ఇంట్లో కడుపునిండా భోంచేసి, రాత్రి మధ్యలో ఉడికించిన గుడ్లు, శనగలు, పెరుగు వంటివి దగ్గర పెట్టుకోండి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలంటున్నాయి. నూనె గ్రాముకు తొమ్మిది క్యాలరీలు ఇస్తుంది కనుక వేపుడు మాని పులుసు కూర తిన్నా చాలా తేడా వస్తుంది. ఒకసారి నడుము చుట్టుకొలత చూసుకోండి. 90 సెంటీమీటర్లు దాటి ఉంటే షుగరు, కొలెస్టరాల్, కాలేయ పరీక్షలు చేయించండి.

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు, బరువు 94 కిలోలు. ఉదయం, రాత్రి ఇన్సులిన్, దానితో పాటు డపాగ్లిఫ్లోజిన్ మాత్ర, రెండు రకాల బీపీ మాత్రలు వాడతారు. ఆపరేషన్ అంటే భయంతో, వీడియోలు చూసి రెండు వారాలుగా అన్నం, రొట్టె పూర్తిగా మానేసి ఒక పూట మాత్రమే తింటున్నారు. మందులు మాత్రం మార్చలేదు. సాయంత్రాలు చెమటలు పట్టి, చేతులు వణికి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. ఇది మామూలేనా?
— ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: మామూలు కాదు. ఈ జవాబు చదివిన రోజే ఆయన ఆ పద్ధతిని ఆపి, షుగరు డాక్టరును కలవాలి.

తిండి సగానికి పైగా తగ్గించి ఇన్సులిన్ పాత మోతాదులోనే వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు దాని గుర్తులే. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే సుమారు 15 గ్రాముల చక్కెర లేదా గ్లూకోజు, అంటే మూడు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండో ప్రమాదం అంత త్వరగా బయటపడదు, అందుకే దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరను మూత్రంలో బయటకు పంపుతాయి. అవి వాడుతూ పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే రక్తంలో కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారవచ్చు. మీటర్‌లో షుగరు మరీ ఎక్కువగా లేకపోయినా ఇది జరుగుతుంది. అందుకే ఇంట్లోవారు, ఒక్కోసారి వైద్యులు కూడా పొరబడతారు. వికారం, వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం కనబడితే అత్యవసర విభాగానికి వెళ్లి, ఆ మందు పేరు, ఈ పథ్యం సంగతి రెండూ చెప్పండి.

లేచి నిలబడితే కళ్లు తిరగడానికి బీపీ మాత్రలు కారణం కావచ్చు. తిండి, ఉప్పు తగ్గి బరువు తగ్గుతున్నప్పుడు బీపీ కూడా తగ్గుతుంది. మొదటి జవాబులో చెప్పిన బ్రిటన్ అధ్యయనంలో కఠిన పథ్యం మొదలుపెట్టిన రోజే షుగరు మాత్రలను, బీపీ మాత్రలను వైద్యులు ఆపించారు. ఇన్సులిన్ వాడేవారిని అసలు చేర్చుకోలేదు. వీడియోలు చేసేవారు ఆ జాగ్రత్తలు చెప్పరు. మీ నాన్నగారు పథ్యం చేయకూడదని నేననడం లేదు. మందుల మోతాదు తగ్గించే డాక్టరు పక్కన ఉన్నప్పుడే చేయాలంటున్నాను. ఇన్సులిన్‌ను సొంతంగా పూర్తిగా మానేయడం కూడా అంతే ప్రమాదం. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి. ఇది పథ్యానికీ, ఆపరేషన్‌కూ రెండింటికీ వర్తిస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. రెండేళ్ల క్రితం స్లీవ్ ఆపరేషన్ అయింది. 41 కిలోలు తగ్గాడు, ఇప్పుడు మళ్లీ తొమ్మిది కిలోలు పెరిగాడు. విటమిన్ మాత్రలు ఏడాదిగా వేసుకోవడం లేదు. అరికాళ్లు తిమ్మిర్లు, నీరసం అంటున్నాడు. వారాంతాల్లో స్నేహితులతో మద్యం కూడా మొదలైంది. ఆపరేషన్ విఫలమైనట్టేనా? మళ్లీ చేయించాలా?
— ఒక అక్క, కూకట్‌పల్లి

జవాబు: విఫలం కాలేదు. 41 కిలోలలో 32 ఇంకా తగ్గే ఉన్నాయి. ఆపరేషన్ తరువాత సాధారణంగా ఒకటి రెండేళ్లలో బరువు అట్టడుగుకు చేరి, ఆపై కొంత తిరిగి రావడం చాలామందిలో జరుగుతుంది. నాకు బరువు కంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఆ తిమ్మిర్లు.

చిన్నదైన జీర్ణాశయంలో ఆమ్లం, విటమిన్ బీ12ను గ్రహించడానికి సాయపడే పదార్థం తక్కువగా తయారవుతాయి. మాత్రలు మానేస్తే నిల్వలు కరిగి, ఏడాది రెండేళ్లకు నరాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఆలస్యమైతే ఆ దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు. ఈ వారమే రక్తకణాల పరీక్ష, బీ12, ఫెర్రిటిన్ (ఇనుము నిల్వలు), విటమిన్ డి, క్యాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు చేయించండి. బీ12 బాగా తగ్గి ఉంటే ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. ఆపరేషన్ అయినవారు ఏటా ఈ పరీక్షలు చేయించుకోవాలి, ఎంత బాగున్నా సరే. ఎప్పుడైనా రోజుల తరబడి వాంతులవుతూ చూపు తేడాగా ఉన్నా, నడక తూలుతున్నా అది బీ1 లోపం కావచ్చు. అది గంటల్లో వైద్యం అందాల్సిన స్థితి.

మద్యం సంగతి మొహమాటపడకుండా మాట్లాడండి. ఈ ఆపరేషన్ల తరువాత మద్యం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది, కొద్దిగా తాగినా మత్తు ఎక్కువ. మద్యానికి అలవాటు పడే ముప్పు పెరుగుతుందని దీర్ఘకాలిక అధ్యయనాలు చెబుతున్నాయి. పైగా చిన్న కడుపు గట్టి ఆహారాన్ని అడ్డుకుంటుంది గానీ మద్యం, కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీమ్ వంటి ద్రవాలు సులువుగా జారిపోతాయి. తిరిగొచ్చిన తొమ్మిది కిలోలలో అధిక భాగం ఆ దారిన వచ్చి ఉండవచ్చు. మళ్లీ ఆపరేషన్ ఆలోచన ఇప్పుడే వద్దు. అతడు మనసు బాగోలేక తాగుతున్నాడేమో కూడా కనుక్కోండి. కొందరికి ఆపరేషన్ తరువాత దిగులు కమ్ముకుంటుంది, వారికి మానసిక వైద్యుల సాయం అవసరమవుతుంది.

ప్రశ్న: పథ్యమూ వద్దు, ఆపరేషనూ వద్దు, వారానికో ఇంజెక్షన్ చాలంటున్నారు. నిజమేనా? నా బీఎంఐ 33.
— ఒక ఉపాధ్యాయురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఈ మందులు నిజంగానే పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్ వాడినవారు 68 వారాలలో సగటున దాదాపు 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో వాడినవారు 72 వారాలలో దాదాపు 21 శాతం బరువు తగ్గారు. షుగరు ఉన్నవారిలో తగ్గుదల కొంత తక్కువ. టిర్జెపటైడ్ మన దేశంలో 2025 మార్చి నుంచి మౌంజారో పేరుతో దొరుకుతోంది. ఆకలిని తగ్గించడమే వీటి పని కాబట్టి పథ్యం కష్టమైనవారికి ఇవి మంచి అండ.

కానీ సెమాగ్లుటైడ్ మానేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు తేలింది. ఏళ్ల తరబడి వాడగలరా, ఆ ఖర్చు భరించగలరా అన్నది ముందే ఆలోచించుకోండి. వికారం, వాంతులు, మలబద్ధకం సాధారణం. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. కుటుంబంలో మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే వాడకూడదు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా వాడకూడదు. బ్యూటీ క్లినిక్‌లలో కాకుండా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్యుల) దగ్గర మొదలుపెట్టండి. మీ బీఎంఐకి ఇది సరైన మొదటి మెట్టు కావచ్చు. షుగరు కూడా ఉంటే ఆపరేషన్ గురించి కూడా చర్చించవచ్చు.

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు, బీఎంఐ 36, గుండె రక్తనాళాల్లో అడ్డంకులకు స్టెంట్ వేశారు. పథ్యంతో ఫలితం లేక బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ సూచించారు. ఆరోగ్య బీమా వర్తిస్తుందా?
— ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: వర్తించే అవకాశం ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం ‘ఊబకాయం, బరువు నియంత్రణ’ అనే మినహాయింపు ఆపరేషన్‌కు అడ్డురాకుండా ఉండాలంటే కొన్ని షరతులు నెరవేరాలి. వైద్యుడి సలహా మీద చేయాలి. వయసు 18 దాటాలి. బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 నుంచి పైన ఉన్నవారికైతే గుండె రక్తనాళాల జబ్బు, ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండర జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్ 2 మధుమేహం వంటివాటిలో ఒకటి ఉండి, ఆపరేషన్ లేని పద్ధతులు విఫలమై ఉండాలి. మీ అమ్మగారు రెండో కోవలోకి వస్తారు. వైద్య మార్గదర్శకాల కంటే బీమా గీత పైన ఉందని గమనించండి. డాక్టరు అవసరమన్న ప్రతి ఆపరేషన్‌కూ బీమా రాదు.

పథ్యం విఫలమైందని నోటిమాటగా చెబితే సరిపోదు. డైటీషియన్ దగ్గరికి వెళ్లిన తేదీలు, అప్పటి బరువులు, స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియోగ్రామ్ నివేదిక, ఎత్తు బరువు నమోదు చేసిన ఆసుపత్రి చీటీ జతచేసి, ఆపరేషన్‌కు ముందే అనుమతి కోసం దరఖాస్తు పెట్టండి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు కనుక పాలసీ మొదలైన తేదీ కూడా చూసుకోండి. కార్డియాలజిస్టు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాకే, స్టెంట్ కోసం వాడే రక్తం పల్చబరిచే మాత్రలను ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో తేలాకే ఆపరేషన్ తేదీ ఖరారు చేసుకోండి.